మంగలి కత్తి కడిగిన నీళ్ళు

షాబాన్ మంగలి దగ్గర్నుంచి తిన్నగా బాలింతరాలైన పెళ్ళాం గదిలోకే పోయాడని, అందుకే ఇన్షిరాహ్‌కి పాలు తగ్గి మనిషి దిమ్మెరపోయిందని పొరుగింటి ఉమ్ రగబ్ రొట్టెల పొయ్యి దగ్గర చెప్పిందట. మధ్యాహ్నానికల్లా ఆ నైలు కాలవ పల్లె అంతటికీ తెలిసింది. నలభయ్యో రోజు దాటకుండా, అప్పుడే గీయించుకున్న మొహంతో బాలింతను చూస్తే దోషం మరి.

షాబాన్ తల్లి తఫీదా కొడుకుని నడివాకిట్లో నిలబెట్టి కడిగేసింది.

"గాడిదా! గడ్డం మాసుంటే స్నేహితుడి పెళ్ళికి రానివ్వమన్నార్రా? పెళ్ళికొడుకువి నువ్వా?"

షాబాన్ పోయి, అదే మంగలి కత్తి కడిగిన నీళ్ళు చెంబుతో తెచ్చాడు. అవి పోస్తే దోషం పోతుంది.

అతను గీయించుకుని నాలుగు రోజులు. ఇన్షిరాహ్ పిల్లని పేరుపెట్టి పిలవడం మానేసి పది రోజులు. ఆ తేడా ఎవరూ చూడలేదు.

ఇన్షిరాహ్ పీట మీద కూచుంది. తఫీదా నెత్తిన పోసిన నీళ్ళు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో ఆమెకి తెలియలేదు. గదిలో ఇరవై రోజుల పిల్ల గుక్కపట్టింది. ఆ ఏడుపు ఎవరింట్లోంచో వస్తున్నట్టుంది.

తన పెళ్ళికి ముందూ ఒకసారి ఇలాగే అయింది. పట్నం డాక్టరు రోజుకో మాత్ర రాస్తే మళ్ళీ లేచి తిరిగింది, పత్తి ఏరింది, నవ్వింది. నెల తప్పగానే, కడుపులో బిడ్డకి విషమంటూ తఫీదా వాటిని పొయ్యిలో వేసింది. డాక్టర్ని ఒక్కమాట అడుగుదామని ఎవరికీ తోచలేదు.

పిల్లని చూసిపోదామని వచ్చిన నర్సు కౌసర్ గుమ్మంలో ఆగింది.

"పెద్దమ్మా, ఆ మాత్రలు ఆపేశారా?"

"పాలిచ్చేదానికి మాత్రలేంటే?"

"పాలిస్తూ వేసుకునేవి ఉన్నాయి. డాక్టరమ్మ చూసి రాస్తుంది. ఇవాళే పంపు."

"తల్లి పిచ్చి డాక్టరు గడప తొక్కిందంటే రేపు ఈ పిల్లనెవడు చేసుకుంటాడు? నలభై దాటనీ. వీడి గడ్డం పెరిగితే అన్నీ అవే సర్దుకుంటాయి."

ఇన్షిరాహ్ తలెత్తింది. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. సంతకి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది.

"నిన్న పిల్లనెత్తుకుని కాలవలోకి మోకాళ్ళ దాకా దిగాను, అత్తా. అప్పుడు ఈయన గడ్డం నాకు గుర్తు రాలేదు. నేనీ అక్కతో పోతున్నా. పిల్లని నువ్వెత్తుకో. నా చేతికి మాత్రం ఇవ్వకు."