పదకొండో ప్రశ్న

బెళుగుప్ప చుట్టూ మెట్ట భూముల్లో నిలబడిన గాలిమరలకు మరమ్మతులు చేసేవాళ్లలో ఓబిలేష్ ఒకడు. ఒక్కో గాలిమర స్తంభం ఎనభై మీటర్ల ఎత్తు. లోపల నిట్టనిలువు నిచ్చెన. నడుముకు బెల్టు కట్టుకుని, సంచిలో పానాలు వేసుకుని వారానికి నాలుగైదు సార్లు దాన్ని ఎక్కుతాడు, దిగుతాడు. పన్నెండేళ్లుగా అదే పని. ముప్పై ఆరేళ్లు వచ్చినా, కొత్తగా చేరిన కుర్రవాళ్లకంటే ముందే పైకి చేరుకుంటాడని కంపెనీలో పేరుంది. అందుకే హిమాలయాల్లో ఒక శిఖరం ఎక్కబోతున్నానని అతను చెప్పినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఆ శిఖరం పేరు కనామో. హిమాచల్‌లో స్పితి లోయలో ఉంది. ఎత్తు ఆరువేల మీటర్లకు కాస్త తక్కువ. తాళ్లు పట్టుకుని మంచుగోడలు పాకే పని లేదు, నడిచి ఎక్కగలిగే కొండే. పేరుమోసిన శిఖరాల దగ్గర ఉండే రద్దీ అక్కడ ఉండదు. రెండేళ్ల పాటు దాని గురించి దొరికినదల్లా చదివి, చివరికి ఆ కొండ కింది ఊరు కిబ్బర్‌లో ఉండే దోర్జే అనే గైడు నంబరు సంపాదించాడు ఓబిలేష్. దోర్జే హిందీలో మాట్లాడేవాడు. ఉత్తరాది ఇంజినీర్లతో పనిచేసి ఓబిలేష్‌కు కూడా హిందీ బాగానే వచ్చింది.

"ఒక్కడివే వస్తే తీసుకెళ్లను," అన్నాడు దోర్జే మొదటిసారి ఫోన్లోనే. "ముగ్గురన్నా కావాలి. ఒకరికి బాగాలేకపోతే పక్కవాళ్లు కనిపెట్టాలి."

రెండో మనిషి సులువుగానే దొరికింది. సుజాత బెళుగుప్ప ఆరోగ్య కేంద్రంలో నర్సు. పెళ్లయి ఒక బిడ్డ తల్లయినా రోజూ తెల్లవారుజామున కళ్యాణదుర్గం రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు పరిగెత్తేది. ఆగస్టులో ఇరవై రెండు రోజుల సెలవు మంజూరైతే వస్తానంది. మంజూరైంది.

మూడో మనిషి తనంతట తానే వచ్చాడు. నరసింహప్పకు యాభై ఒక్క ఏళ్లు. ఏడెకరాల శెనక్కాయ చేను, ఆ చేను గట్టునే ఒక గాలిమర. ఓబిలేష్ స్తంభం దిగి వచ్చినప్పుడల్లా ఆయన మజ్జిగ ఇచ్చేవాడు. ఒకరోజు అలా నిలబడి కనామో సంగతంతా విన్నాడు.

"మంచు ఉంటాదా ఆడ?"

"పైన కొంచెం ఉంటాదిన్నా. ఆగస్టుకు శానా కరిగిపోయింటాది. అంతా రాళ్లే."

"రాళ్లు చూసేకి అంత దూరం పోవల్లనా? మన ఊర్లో ల్యావా?" అన్నాడు నరసింహప్ప. గ్లాసు కడిగి బోర్లించి, "సరేలే. ఆ మిగిలిండే కొంచెమన్నా చూస్తా. నా పేరు కూడా రాయి," అన్నాడు.

ఓబిలేష్ అది వేళాకోళం అనుకున్నాడు. కానీ ఆ ఆదివారం సుజాత, తను ఉరవకొండ కొండ దగ్గరికి పోయేసరికి నరసింహప్ప అప్పటికే అక్కడున్నాడు. వీపున తాడుతో కట్టుకున్న సంచిలో పన్నెండు కిలోల శెనక్కాయలు. బరువుతో ఎక్కడం అలవాటు చేసుకోవాలని ఎవరి దగ్గరో విన్నాడట.

ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం ముగ్గురూ ఆ కొండ ఎక్కారు. సుజాత ముందు వేగంగా పోయి తర్వాత అలిసిపోయేది. నరసింహప్ప ఎక్కడా ఆగేవాడు కాదు, ఎక్కడా తొందరపడేవాడు కాదు. గొర్రెల వెంట ముప్పై ఏళ్లు నడిచిన నడక అది. పైకి చేరాక సుజాత ఒక్కొక్కరి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, అంకె రాసుకునేది. ముగ్గురికీ తొంభై ఏడు, తొంభై ఎనిమిది.

"ఈడ ఎంత ఎక్కినా ఏమీ తెలీదన్నా," అంది ఒకసారి. "ఆడికి పోయినాకనే ఎవురి ఒళ్లు ఎట్లుంటాదో తెలిసేది."

తన ఒళ్లు ఎలా ఉంటుందో ఓబిలేష్‌కు ఏడేళ్ల కిందటే తెలిసింది.

అప్పుడు బెంగళూరు వాళ్లతో కలిసి ఉత్తరాఖండ్‌లో ఒక కనుమ దాటడానికి పోయాడు. మంచు ఎక్కువ పడి దారి మూసేశారని, అందుకే మధ్యలోనే తిరిగొచ్చామని ఇంట్లోనూ కంపెనీలోనూ చెప్పాడు. జరిగింది వేరు. మొదటి రెండు రోజులూ అందరికంటే ముందు నడిచాడు. మూడువేల తొమ్మిది వందల మీటర్ల దగ్గర దగ్గు మొదలైంది. ఆగలేదు. మరుసటి రోజుకు కూర్చున్నా ఊపిరి ఆడలేదు, ఉమ్మిలో గులాబీ రంగు నురగ కనపడింది. అతన్ని కంచరగాడిద మీద కట్టి కిందికి దించారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఒకసారి ఇది వచ్చినవాడికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని, ఆ ఎత్తుకు మళ్లీ పోయే ముందు బాగా ఆలోచించుకోమని చెప్పాడు. మూడు రోజులు అక్కడే ఉండి, నయమయ్యాక రైలెక్కాడు. ఆసుపత్రి కాగితం ట్రైనింగు సర్టిఫికెట్ల ఫైలులో పెట్టాడు. ఎవరూ ఆ ఫైలు తెరవలేదు.

ఈసారి నిదానంగా ఎక్కితే రాదని తనకు తాను చెప్పుకున్నాడు. అందులో కొంత నిజం కూడా ఉంది. అందుకే ఆ మాటను నమ్మడం కష్టం కాలేదు.

జూలై మొదటి వారంలో దోర్జే ఫారం పంపాడు. రెండు పేజీలు, పన్నెండు ప్రశ్నలు, ఇంగ్లీషులో. పదకొండోది ఇది: ఎత్తైన చోట్ల ఎప్పుడైనా ఊపిరికి గానీ తలకు గానీ ఇబ్బంది వచ్చిందా, వస్తే వివరాలు రాయండి. ఓబిలేష్ లేదని రాశాడు. ఆ ప్రశ్న దగ్గర కూడా చెయ్యి ఆగలేదు.

మరుసటి సాయంత్రం నరసింహప్ప తన ఫారం నింపించుకోవడానికి ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఓబిలేష్ ఒక్కో ప్రశ్న తెలుగులో చెప్పేవాడు, ఆయన ప్రతిదానికీ నిదానంగా ఆలోచించి జవాబిచ్చేవాడు. చిన్నప్పుడు బావిలో పడిన సంగతి, ఎడమ మోకాలి నొప్పి, ఎప్పుడో మానేసిన బీడీలు, అన్నీ రాయమన్నాడు. పదకొండోది చదివి వినిపించగానే గడ్డం గోక్కున్నాడు.

"ఎత్తంటే... తిరుమలకు నడిసి పోయినా. మోకాళ్ల మిట్ట కాడ కొంచెం ఆయాసమొచ్చింది. ముప్పై ఏండ్లయింటాది. రాయి."

"అది రాసే పని ల్యాన్నా. ఆడ అందరికీ వస్తాది."

"అడిగినారు గదప్పా," అన్నాడు నరసింహప్ప. "మనల్ని పైకి తీసకపోయేవాడు ఆ మనిషి. మన ఒంటి సంగతి వానికి తెలియకుంటే ఎట్ల?"

ఓబిలేష్ రాశాడు. తిరుమల మెట్ల మీద, ఒకసారి, కొద్దిపాటి ఆయాసం, సుమారు ముప్పై ఏళ్ల కిందట. అక్షరాలు మామూలుకంటే పెద్దగా పడ్డాయి.

"నీదేమి రాసినావు దానికి?" అని అడిగాడు నరసింహప్ప. తప్పుపట్టే గొంతు కాదు, ఊరికే అడిగాడు.

"ఏమీ ల్యా."

"ఏమీ లేనిది మంచిదే," అని ఆయన వేలిముద్ర బదులు వంకర అక్షరాలతో సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

మూడు ఫారాలూ పంపాల్సినవాడు ఓబిలేషే. రెండు రోజులు పంపలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఒక గాలిమర పని ముగించి కిందికి దిగాడు. బెల్టు విప్పకుండానే స్తంభం నీడలో కూర్చుని దోర్జేకు ఫోన్ చేసి, అంతా చెప్పాడు.

అయిపోయాక దోర్జే నాలుగు ప్రశ్నలు వేశాడు. ఎంత ఎత్తులో, ఎన్నో రోజు, ఉమ్మి ఏ రంగు, ఆసుపత్రిలో ఎన్ని రోజులు. జవాబులు విన్నాక, "మనం ఇన్ని నెలల నుంచి మాట్లాడుకుంటున్నాం," అన్నాడు.

"అవును."

"కనామోకు నువ్వు వద్దు."

"ముందుగానే మందు వేసుకుంటే? ఇంకో వారం ఎక్కువ తీసుకుంటే?"

"సరిపోవచ్చు. సరిపోకపోవచ్చు. డాక్టరు సరేనన్నా నేను ఒప్పుకోను. క్యాంపు నుంచి నిన్ను మోసుకొచ్చేది నేను, నా తమ్ముడు, నీతో వచ్చే ఆ ఇద్దరూ. వాళ్లను అడిగావా?"

"లేదు."

"అడుగు ముందు." దోర్జే గొంతులో కోపం లేదు. "డాక్టరు ఒప్పుకుంటే మా ఊరి కిందున్న కాజా పట్టణం దాకా రా. అక్కడ ఆసుపత్రి ఉంది, కిందికి రోడ్డుంది. కాజా దాటి పైకి రావద్దు. మూడో మనిషిగా నా తమ్ముడు నడుస్తాడు. వాళ్ల ప్రయాణం చెడిపోనక్కర్లేదు."

ఆ ఆదివారం ఉరవకొండ కొండ మీద సగం దారిలో, ఒక బండ చాటున ఓబిలేష్ ఆ ఇద్దరికీ పాత సంగతీ, దోర్జే మాటా చెప్పాడు. ఆసుపత్రి కాగితం తెచ్చి సుజాత చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివింది.

"ఐదు నెలలుగా నీ వేలు పట్టుకొని చూస్తాండా నేను," అంది. "ఒక్కసారన్నా చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది. చెప్తే మీరు రారేమో అనుకున్నా."

"మేము రామని కాదు. నిన్ను రానీమని."

అది నిజమే.

"ఆడ నువ్వు కూలబడితే ఏమి చేసుండాల్ల నేను? నా బిడ్డకు ఆరేండ్లు," అని సుజాత కాగితం మడిచి ఇచ్చేసి, పైకి కాకుండా కిందికి నడిచింది.

"పైకి పోదామా మనం?" అన్నాడు నరసింహప్ప. ఇద్దరూ ఎక్కారు. దారి పొడుగునా ఆయన ఆ సంగతి ఎత్తలేదు. దిగేటప్పుడు మాత్రం, "ఆ దోర్జేయప్ప చెప్పినట్లు కాజా దాకా రా. నాకు ఆ హిందీ మాట రాదు," అన్నాడు.

సుజాత మూడు వారాలు అతనితో మాట్లాడలేదు. ఫోన్లో సందేశాలు మాత్రం పంపేది, అవి కూడా పని గురించే. ఓబిలేష్ అసలైన ఏర్పాట్లన్నీ చేసింది ఆ మూడు వారాల్లోనే. మనాలి మీదుగా పోతే ఒక్క రోజులోనే ఎత్తు పెరిగిపోతుందని సిమ్లా దారి ఎంచుకున్నాడు. ఆ దారిలో ఇంకో రోజు విశ్రాంతి కలిపాడు. నరసింహప్పను అనంతపురం తీసుకెళ్లి గుండె పరీక్ష చేయించాడు. ట్రెడ్‌మిల్లు మీద నడుస్తూ ఆయన, ఇది ఎక్కడికీ పోదేమి అని డాక్టరును అడిగాడు. ఓబిలేష్ ఆయనకు బూట్లు ఒక సైజు పెద్దవి తెప్పించి, అలవాటు కావడానికి రోజూ తొడుక్కోమన్నాడు. ఆయన వాటితోనే చేలో కలుపు తీశాడు. గాలి ఎక్కువై వెనక్కి రమ్మని దోర్జే చెబితే ఎదురు చెప్పకూడదని ఇద్దరి చేతా ఒప్పించాడు. సుజాత, "అది నువ్వు చెప్పల్లనా?" అని రాసింది. తర్వాత, సరే అని రాసింది.

ఆగస్టులో ముగ్గురూ అనంతపురంలో ఢిల్లీ రైలెక్కారు. కాజా చేరేసరికి తొమ్మిదో రోజు. డాక్టరు రాసిచ్చిన మాత్రలు వేసుకుంటూ వచ్చిన ఓబిలేష్‌కు మొదటి రోజు తలనొప్పి తప్ప ఏమీ రాలేదు. ఇక్కడిదాకా బాగున్నానంటే పైన కూడా బాగుంటానేమో అన్న ఆలోచన వచ్చింది. దాన్ని ఎవరితోనూ అనలేదు. సుజాత, నరసింహప్ప జీపెక్కి కిబ్బర్‌కు పోయారు. అతను బస్టాండు వెనకాల ఒక గది తీసుకుని ఐదు రోజులున్నాడు.

ఐదో రోజు సాయంత్రం దోర్జే ఫోన్ చేశాడు. అందరూ కిబ్బర్‌కు దిగొచ్చారట. సుజాత ఐదువేల ఆరువందల దగ్గర తూలడం మొదలుపెట్టి, తానే ఆగిపోయిందట. దోర్జే తమ్ముడు ఆమెను దించాడు. నరసింహప్ప పదీ నలభైకి శిఖరం మీద నిలబడ్డాడు. ఫోన్ ఆయనకిచ్చాడు.

"మంచు చూసినావాన్నా?"

"చూసినా. రాళ్ల నీడన మోకాలెత్తు ఉండాది. నోట్లో ఏసుకున్నా. రుచేమీ ల్యా," అన్నాడు నరసింహప్ప. "శానా చల్లగుండాదప్పా."

ఫోన్ పెట్టేశాక ఓబిలేష్ ఏదో ఒక బాధ కోసం చూసుకున్నాడు. ఉంది గానీ అనుకున్నంత లేదు. ఆకలిగా ఉంది. బయటికి పోయి రెండు ప్లేట్లు తిన్నాడు.

వాళ్లు కాజాకు దిగొచ్చాక కొండచరియ పడి కిందికి పోయే రోడ్డు ఒకటిన్నర రోజు మూతపడింది. చేసేదేమీ లేక నరసింహప్ప ఊరి చివరి బఠాణీ చేల వైపు నడిచాడు. పైన కరిగిన మంచునీళ్లు సన్నకాలువలో వచ్చి ఆ చేలకు పారుతున్నాయి. ఒక ముసలి రైతు పారతో మట్టి వేసి నీళ్లకు మడవ కడుతున్నాడు.

"ఓబిలేషూ, ఇట్ల రాప్పా. ఈ నీళ్లు ఎవురెవురికి ఎంతసేపో అడుగు," అని పిలిచాడు నరసింహప్ప.

ఓబిలేష్ హిందీలో అడిగాడు. ముసలాయన వేళ్లు లెక్కపెడుతూ వంతులు చెప్పాడు. అది తెలుగులో చెప్పగానే నరసింహప్పకు ఇంకో ప్రశ్న పుట్టింది, వంతు తప్పితే ఏం చేస్తారని. దానికీ జవాబు వచ్చింది. కాలువ గట్టు మీద కూర్చుని ఓబిలేష్ ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతూ పోయాడు. కాసేపటికి సుజాత కూడా వచ్చి అతని పక్కనే కూర్చుంది. బూట్లు విప్పి, బొబ్బలెక్కిన కాళ్లు నీళ్లలో పెట్టింది.

"వచ్చే ఏడు ఇంకో వారం సెలవు పెట్టల్ల," అంది అతనితో. "ఏ దినాలు మంచివో చూసి చెప్పన్నా."

"చూస్తా," అన్నాడు ఓబిలేష్.

"బఠాణీకి ఏమి ఎరువేస్తారో అడుగప్పా," అన్నాడు నరసింహప్ప.