చెదరని చుక్కలు

"సాంస్ రోకియే... హిల్నా నహీ... అబ్ ఛోడ్ దీజియే," అన్నాడు పౌలురాజు. ఊపిరి బిగబట్టమని, కదలొద్దని, ఇక వదలమని ఆ పొద్దుటినుంచి ఎన్నిసార్లు అన్నాడో ఆయనకే తెలియదు. అద్దానికి అవతల ఒక ముసలాయన రొమ్ముని పలకకి ఆనించి, వదలమన్నా ఊపిరి వదలకుండా బెదురుగా చూస్తున్నాడు. "బస్ బాబూజీ, హో గయా," అయిపోయిందంటేగానీ ఆయన చేతులు దించలేదు.

ఘాజియాబాద్‌లోని ఆ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో, నల్లటి తలతో చేరిన పౌలురాజుకి ఇప్పుడు రంగు వేసుకునే ఓపిక కూడా పోయింది. పొట్టి మనిషి. సీసం ఏప్రన్ మోసి మోసి ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి జారింది. పెళ్ళి ఫోటోల్లో ఎప్పుడూ చివర, సగం తెగిపోయి ఉంటాడు. చర్చిలోనూ స్తంభం పక్క కుర్చీయే ఆయనది. ఇలాంటివాడు దుర్భిణి కొని, డాబా మీద బిగించి, చుక్కల్ని ఫోటోలు తీస్తున్నాడంటే అమలాపురంలో బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట!" అన్నాడు. పౌలురాజు కూడా నవ్వాడు. ఆయనకి కోపం రాదు, వచ్చినా అది ఎదుటివాళ్ళకి తెలియదు.

ఆరోజు మాత్రం ఆయన కాలు నేల మీద నిలవలేదు. ముందురోజు రాత్రి వాన పడి ఢిల్లీ మొహం కడుక్కుంది. సాయంత్రం మెట్రో కిటికీలోంచి యమున మీద ఆకాశం శుభ్రంగా, నీలంగా కనబడింది. మార్చి నెలలో ఇలాంటి ఆకాశం దొరకడం అదృష్టం. మరో వారంలో దుమ్ము లేస్తుంది, ఆ తర్వాత ఎండలు, వానలు. ఈ చలికాలమంతా ఆయన వెంటపడిన నీహారిక మళ్ళీ చిక్కాలంటే ఏడాది ఆగాలి.

దాన్ని గ్రహ నీహారిక అంటారుగానీ గ్రహానికీ దానికీ చుట్టరికమే లేదు. ఆరిపోతున్న నక్షత్రం తన చుట్టూ వదిలేసిన పొగ అది. మిథున రాశిలో ఉంది. ఎంత మసకంటే దుర్భిణికి కన్ను ఆనించినా కనబడదు. కెమెరా తగిలించి, ఒక్కో ఫోటోకి పది నిమిషాలు వెలుతురు పట్టి, అలాంటివి ఎన్నో తీసి ఒకదాని మీద ఒకటి పేర్చితే అప్పుడు పూర్తిగా తేలుతుంది. కిందటి చలికాలం మొత్తం పొగమంచు మింగేసింది. ఈసారి ఇంకొక్క సాయంత్రం దక్కితే బొమ్మ పూర్తవుతుంది.

ఆ బొమ్మ సరళకుమారి కోసం. మొగుడూ పెళ్ళాలన్న మాటేగానీ, ఆమెది వార్డులో నర్సుగా నైట్ డ్యూటీ, ఈయనది పగటి డ్యూటీ. ఒకరు తాళం తీస్తుంటే ఇంకొకరు చెప్పులేసుకునేవాళ్ళు. కూరలు గిన్నెల్లోనూ కబుర్లు గుమ్మంలోనూ ఇచ్చిపుచ్చుకుంటూ బతుకు గడిచిపోయింది. కిందటేడు ఆమె రిటైరయ్యాక మొదటిసారి డాబా మీదికి తీసుకెళ్ళి దుర్భిణిలో చూపించాడు.

"ఇందులో ఏవీ లేదేంటండీ?" అందామె.

"ఉంది సరళా. కంటికి ఆనదంతే."

"మరుందని మీకెలా తెలిసిందండీ?"

"ఫోటో తీసి చూపిస్తాగా. ఈస్టర్ నాటికి నీ చేతిలో పెడతాను."

ఆమె ఆ మాట చర్చి స్త్రీల సమాజం అంతా చాటింది. హాల్లో టీవీ పైనున్న క్యాలెండరు తీసేసి, మేకు ఖాళీగా ఉంచింది. "మావారు నాకో నక్షత్రం తీస్తన్నారు," అని చెప్పుకునేది, చీర కొంటున్నారన్నంత మామూలుగా. ఆ మాట చెవిన పడినప్పుడల్లా పౌలురాజుకి సిగ్గేసేది, లోపల మాత్రం పొంగిపోయేవాడు.

మయూర్ విహార్‌లో వాళ్ళది డీడీఏ సంస్థ కట్టిన ఫ్లాటు, పై అంతస్తు. ఇంటికొచ్చేసరికి సరళ దవడ నొక్కుకుంటూ కుర్చీలో కూర్చుని ఉంది. పొద్దున్న కూడా అలాగే నొక్కుకుంది.

"ఏవైంది?"

"గ్యాసండీ. మధ్యాన్నం పకోడీలు తిన్నానుగా."

"ఈసీజీ తీయిద్దామా?"

"బంగారంలాంటి ఆకాశం పెట్టుకుని ఈసీజీ ఏంటండీ! రేపు చూద్దాంలెండి."

నర్సు గ్యాసంటే ఎక్స్‌రే తీసేవాడు కాదంటాడా? నిజం చెప్పాలంటే, ఆమె రేపన్నందుకు ఆయనకి ప్రాణం తేలికపడింది. ఆమె కింది ఫ్లాటు కుర్రాడి దగ్గరికి వెళ్ళి, "నవదీప్ బేటా, బాల్కనీ లైట్ బంద్ కర్ దో, అంకుల్ ఫోటో ఖీంచేంగే," అని, లైటు ఆర్పమని ఎప్పటిలాగే బతిమాలి వచ్చింది. వస్తూ మెట్ల మీద రెండుసార్లు ఆగింది. ఆయన అప్పటికే డాబా మీద ఉన్నాడు.

ఆ దుర్భిణిది చాలా పొడవైన ఫోకస్. దానిలో ఆకాశం ఎంత దగ్గరవుతుందో వణుకు కూడా అంత పెద్దదవుతుంది. స్లాబు మీద ఎవరైనా నాలుగడుగులు వేస్తే చాలు, చుక్క కాస్తా గీతైపోతుంది. అందుకని ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కెమెరా బీప్ మనేదాకా డాబా మీద ఎవరూ అడుగు పెట్టకూడదు. పౌలురాజే ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్ళు బిగబట్టి కూర్చుంటాడు. వెలుతురు పడుతుందని ఫోను కూడా కిందే వదిలేస్తాడు. దుర్భిణి కదలికని గీతగా చూపించే లాప్‌టాప్ ఒక్కటే, వెలుగు తగ్గించి, పక్కన పెట్టుకుంటాడు. సరళకి ఏదైనా కావాలంటే గుమ్మం దాకా వచ్చి, బీప్ వినబడ్డాక దగ్గుతుంది. అప్పుడు ఆయన కెమెరా ఆపుతాడు.

చీకటి పడగానే మొదలుపెట్టాడు. గాలి లేదు. ఒకటి తర్వాత ఒకటి ఫోటోలు చక్కగా పడుతున్నాయి. వంటిళ్ళలో కుక్కర్లు కూతపెట్టే వేళకి ఇంకొక్కటే మిగిలింది. అది సగంలో ఉండగా లాప్‌టాప్ మీద గీత ఒక్కసారిగా ఎగిరిపడింది. స్లాబు మీద అడుగు. ఫోటో పాడైంది. ఆయనకి ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

"కదలకు సరళా! బీప్ కాకుండా వచ్చేశావేంటి! ఇదొక్కటీ తీసుకోనీ," అన్నాడు, తల తిప్పకుండానే.

"సరేనండీ... కానివ్వండి," అంది సరళ. గొంతులో ఆయాసం ఉంది. మెట్లెక్కిన ఆయాసం అనుకున్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాడు. పది నిమిషాలు. గీత తిన్నగా, చక్కగా నడిచింది. సరళ ఎంత బుద్ధిగా నిలబడిందో పాపం, అనుకుని కోపం పోయి జాలేసింది. బీప్ మనగానే నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

"రా, అయిపోయింది. నీది నీకు తీసేశాను."

సరళ నిలబడి లేదు. గుమ్మం లోపల నేల మీద కూర్చుని, తల తలుపుచెక్కకి ఆనించి ఉంది. చెయ్యి దవడ మీదినుంచి ఒళ్ళోకి జారింది. ఆయన చేతి నాడి చూశాడు, మెడ దగ్గర చూశాడు, రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి నొక్కాడు. "నవదీప్!" అని ఆయన వేసిన కేకకి బిల్డింగంతా తలుపులు తెరిచింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చెప్పాల్సిన మాట మెల్లగా చెప్పాడు. గుర్‌గావ్‌లో ఉద్యోగం చేసే కూతురు షెరిన్ కారు దిగి పరుగెత్తుకొచ్చి, అమ్మ మిమ్మల్ని పిలవలేదా అంటూ తండ్రి చేతులు పట్టుకుంది.

"పాపా, మమ్మీ నే ఆప్‌కో బులాయా నహీ?"

పౌలురాజు చేతులు విడిపించుకున్నాడు. పిలవడానికే వచ్చిందని, తను కదలొద్దన్నాడని ఆ పిల్లకి ఏ భాషలో చెప్పాలి?

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు లాప్‌టాప్ తెరిచాడు. ఆ రాత్రి కెమెరాని ఎవరూ ఆపలేదు. దాని పని అది చేసుకుపోయింది. జనం పరుగులు పెట్టినప్పటి ఫోటోల్లో చుక్కలన్నీ పిచ్చిగీతలు. వాటికి ముందు సరళ అడుగు పడి పాడైనది ఒకటి. ఆ రెంటికీ నడుమ ఉన్న దాన్ని తెరిచాడు. మధ్యలో బూడిదరంగు పొగ, చంద్రవంకలా వంగి, మసగ్గానే అయినా స్పష్టంగా ఉంది. చుట్టూ చుక్కలు. ఒక్క చుక్క కూడా చెదరలేదు. అంత మంచి ఫోటో ఆయన జన్మలో తీయలేదు. ఆయన లాప్‌టాప్ మూసేసి, దాని మీద తల పెట్టుకుని గట్టిగా, చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

చాలాసేపటికి, దుర్భిణికి గుడ్డ కప్పాలని గుర్తొచ్చి లేచాడు. మెట్లు ఎక్కుతూ, గుమ్మం ఇంకా నాలుగు మెట్ల పైన ఉందనగా ఆగిపోయాడు. అంతమంది ఎక్కి దిగినా ఎవరి కాలికీ అడ్డం రాకుండా, గోడ వారగా, స్లాబు అదరకూడదని సరళ విడిచిన నీలం రబ్బరు చెప్పులు జతగా ఉన్నాయి.