అవతలి ఒడ్డు

పద్దెనిమిదేళ్లుగా దుకాణాలకు బోర్డులు రాస్తున్న ఆవిడను ఊళ్లో అందరూ బోర్డులక్క అనే పిలుస్తారు. ఆస్పత్రిలో డయాలసిస్ గది గోడ మీద ఏదో ఒక బొమ్మ వేయమని హెడ్ నర్సు కబురు పెడితే నిచ్చెనతో సహా దిగింది.

"ఏదో ఒకటి ఏంటమ్మా, సరస్సు వేస్తాను. నాలుగేసి గంటలు కదలకుండా పడుకునేవాళ్లకి చూపు పారడానికి చోటుండాలి కదా!"

వాసన రాని రంగులతో మూడు రోజుల్లో నీళ్లు, గడ్డికప్పు గుడిసె, ఒడ్డున కట్టేసిన పడవ, వెనకాల ముదురు పచ్చటి కొండలు లేచాయి. చూసినవాళ్లంతా కొండల్నే మెచ్చుకున్నారు. బోర్డులక్కకు మాత్రం అవి కంట్లో నలుసుల్లా ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున్నే తెల్లరంగులో చిటికెడు నీలం కలిపి, బాగా పలచన చేసి, కొండల మీద ఈ కొస నుంచి ఆ కొసకు పూసేసింది.

హెడ్ నర్సు పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అక్కా! బంగారంలాంటి కొండల్ని పాడుచేశావు కదా!"

"పాడూ లేదు, గీడూ లేదు. ఆరనివ్వమ్మా."

మధ్యాహ్నానికి పూత ఆరింది. గుడిసె ముందుకొచ్చింది. కొండలు మంచులో కలిసి మైళ్ల దూరం వెళ్లిపోయాయి. నర్సు రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ చూసింది.

మూల మంచం మీద ముసలాయన గొంతు సవరించుకున్నాడు. జన్మంతా పడవ నడిపిన మనిషి.

"అమ్మాయ్, కొండలు భేషుగ్గా ఉన్నాయి. పడవ నీడే తప్పు. లోపలి బల్లలు నీళ్లలో ఎలా కనబడతాయి? నీళ్లు పడవని కిందనుంచి కదా చూసేది!"

బోర్డులక్క ముఖం వేడెక్కింది. అయినా వాదించలేదు. బేసిన్‌లో అంచుదాకా నీళ్లు పోసి, సబ్బుపెట్టె మూతను వెల్లకిలా తేల్చి, నేలమీద బోర్లా పడుకుని నీటిమట్టానికి కన్ను పెట్టింది. నీడలో మూత బయటి గోడే ఉంది, లోపలి భాగం జాడే లేదు.

"నువ్వన్నదే నిజం తాతా," అంటూ లేచి, నీడలోని బల్లలన్నిటినీ చెరిపేసింది. అక్కడ పడవ పొట్టను అసలు పడవకన్నా ఒక్క వన్నె ముదురుగా దించి, అడ్డంగా రెండు సన్నటి వెలుగు గీతలు లాగింది. ఈసారి పడవ నీళ్లమీద కూర్చుంది.

"ఆఁ, ఇప్పుడు ఎక్కొచ్చు," అన్నాడు ముసలాయన.

రెండు రోజుల తర్వాత ఆవిడ కుంచెలు సర్దుకుంటుంటే, పక్క మంచం మీదాయన ఆ గోడనే చూస్తూ అడిగాడు. "తాతా, అవతలి ఒడ్డుకి ఎంతసేపు పడుతుందంటావు?"

ముసలాయన కళ్లు చిట్లించి, కొండల దాకా కొలిచి చూశాడు.

"ఎదురుగాలి లేకపోతే ముప్పావుగంట."