పదహారు స్క్రూలు

నాగావళి వరద బడుల్లోకి వచ్చి, బల్లలన్నీ నాని ఉబ్బిపోయిన ఏడాది అది. నీళ్లు తీసిన నాలుగో నెలలో, ఒక మంగళవారం పొద్దున్న, కూర్మనాథం షెడ్డు ముందు గొంతుకూర్చుని కొత్త బల్లను నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

అరవై దాటిన మనిషి. పొట్టి. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో ఉలి తగిలి నిలువునా చీలింది, అలాగే పెరిగింది. రాజాం దాటాక రోడ్డు పక్కనున్న ఆ రేకుల షెడ్డులో నలభై ఏళ్లుగా తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తున్నాడు. ఊళ్లో సగం మంది అతను చేసిన తలుపులే తీసి మూసుకుంటారు. అతని పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఇప్పుడు ఆ తలుపులు కూడా పట్నంలో తయారై లారీల్లో వస్తున్నాయి. స్థలం వాళ్లు షెడ్డు పీకేసి ఎరువుల గోదాము కట్టిస్తామంటున్నారు. బడుల బల్లల పని వస్తే షెడ్డు నిలుస్తుంది. రాకపోతే ఉగాదికి ఖాళీ చెయ్యాలి.

నూట ఇరవై బల్లలు. దానికి నమూనా ఇది.

చేసింది లక్ష్ముడు. కూర్మనాథం భార్య ఈశ్వరికి అన్న. పొడుగ్గా, వంగిపోయి ఉంటాడు, రోజుకు పది మాటలు మాట్లాడతాడు. మద్ది చెక్క కోసి, ఒక ముక్క కొసను నాలుకలా మలిచి, రెండో ముక్కలో బెజ్జం తొలిచి, ఒకదానిలో ఒకటి దిగగొట్టి, అడ్డంగా చెక్క చీల వేశాడు. బల్ల మొత్తం మీద ఒక్క మేకు లేదు. నలుగురు ఎక్కి గెంతినా చప్పుడు చెయ్యదు.

టెండరు కాగితాలన్నీ చూసింది రాజాంలో నెట్ సెంటరు నడిపే సుహాసిని. చిన్న పరిశ్రమ అని సర్టిఫికెట్ తీయించింది. "ఇదుంటే మీరు డిపాజిట్ కట్టక్కర్లేదు తాతా. కొంత పని చిన్నోళ్లకే ఇవ్వాలని రూలు కూడా ఉన్నాది," అంది. కూర్మనాథం నమ్మలేదు. అయినా ఆధార్ కార్డు ఇచ్చాడు, వేలిముద్ర వేశాడు. కొలతల కాగితం ఆమె చదివి చెప్పింది. పొడవు, ఎత్తు, మందం, స్క్రూలు పదహారు.

"మన బల్లకి ఒక్కటీ అక్కర్లేదమ్మా," అన్నాడు కూర్మనాథం నవ్వుతూ.

"పదారు అని రాసున్నాది తాతా."

"పదారు ఉంటేనే నిలబడతాది అనుకున్నారు పాపం. లేకుండా నిలబడితే ఇంకా మంచిదే కదా."

ఆ పిల్లకి అదీ నిజమే అనిపించింది.

ఆటో వెనక బల్లను తాళ్లతో కట్టి, తానూ పక్కన నిలబడి, టెండరు పిలిచిన ఆఫీసుకి వెళ్లాడు. మెట్ల మూలల్లో కిళ్లీ ఉమ్ములు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. వరండాలో తడిసిన ఫైళ్లు ఎండబెట్టారు. వరద అక్కడికీ వచ్చిందో, కప్పు కారిందో, ముక్కిపోయిన బియ్యం వాసన. బాత్రూము తలుపుకి గడియ లేదు, లోపలి మనిషి కాలితో నొక్కి పట్టుకున్నాడు. ఆ తలుపుకి గడియ బిగించడానికి పావుగంట పట్టదు. ఎన్నేళ్లుగా అలా ఉందో.

అప్పటికే అక్కడ పట్నం కంపెనీ బల్ల ఒకటి ఉంది. రంపపు పొట్టు అదిమి చేసిన చెక్క. పైన టేకు గీతల కాగితం అతికించారు. కూర్మనాథం ఎవరూ చూడకుండా దాని మీద చెయ్యి ఆనించాడు. అది ఎడమకి ఒరిగి, కిర్రుమని, కుడికి ఒరిగింది. చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు.

గుమస్తా తిరుమలరావు మధ్యాహ్నం పన్నెండు దాటాక వచ్చాడు. చెడ్డవాడేం కాదు. టేపు పట్టి కొలిచాడు, కాగితం మీద టిక్కులు పెట్టాడు. కంపెనీ బల్లకు అన్నీ టిక్కులే. తరువాత కూర్మనాథం తెచ్చిన బల్ల దగ్గర గొంతుకూర్చుని కిందకి చూశాడు. చుట్టూ తిరిగి మళ్లీ చూశాడు.

"స్క్రూలేవయ్యా?"

"లేవు బాబూ."

"లేవంటే ఏటి? మర్సిపోయావా?"

"అక్కర్లేదు బాబూ. ఒకసారి కూకొని సూడండి. ఎక్కి గెంతండి."

తిరుమలరావు కాగితం చూపించాడు. "ఇదిగో, స్క్రూల గడి. కూకొని సూడ్డానికి గడి లేదు ఇందులో. నానేటి రాయాల? సున్నా అని రాస్తే నీ పని సున్నాయే."

"ఆ బల్ల ఊగుతన్నాది బాబూ."

"ఊగుడికీ గడి లేదు." గొంతు తగ్గించాడు. "ఒరే పెద్దాయనా, నీ బల్ల బాగున్నాది. నాకూ కళ్లున్నాయి. నేనేం సెయ్యను? రేపు పది గంటల దాకా గడువు. పదారు స్క్రూలు దిగ్గొట్టి అట్టుకురా. ఈసారి చిన్నోళ్ల వాటాలో నువ్వొక్కడివే ఉన్నావు. పని నీదే."

కూర్మనాథం రెండు చేతులూ జోడించాడు. మెట్లు దిగాక తన చేతులు ఇంకా జోడించే ఉన్నాయని తెలిసింది. అసహ్యం వేసింది. ఆఫీసు మీద కాదు, ఆ చేతుల మీద. విడదీసి బల్ల ఎత్తించుకున్నాడు.

షెడ్డుకు వచ్చేసరికి మూడయింది. లక్ష్ముడు చిత్రిక పడుతున్నాడు. ఆటోలోంచి బల్ల దిగడం చూసి ఆపాడు.

"ఏటి బావా, నచ్చనేదా?"

"నచ్చినాది. స్క్రూలు కావాలంట."

"ఎక్కడ?"

"ఎక్కడైనా. పదారు ఉంటే సాలు."

లక్ష్ముడు బల్ల దగ్గరికి వచ్చి, కాళ్లు పలకలో దిగే చోట వేలుతో తడిమాడు. "ఈడ కొడితే నాలిక సీల్తాది. మద్ది ఇది. ఇవాళ కాకపోతే ఎండాకాలం సీల్తాది."

"సన్న బర్మాతో ముందు కంత పెట్టి దించుదాం. పైపైన."

"ఎందుకు బావా?"

"లెక్కెట్టుకోడానికి."

లక్ష్ముడు నవ్వాడు. అతను నవ్వడం అరుదు. "బడి పిల్లలు లెక్కెడతారా, ఆ గుమస్తానా?"

"పదారే కదా బావా," అన్నాడు కూర్మనాథం.

"నూట ఇరవై బల్లలకీ పదార్లే."

ఈశ్వరి టీ తెచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి గ్లాసులు కింద పెట్టింది. "ఓలమ్మా, పని వచ్చినాదా రానేదా?" అంది.

"వచ్చినట్టే," అన్నాడు కూర్మనాథం.

"అయితే ఎవులో సచ్చినట్టు కూకున్నారేటి?"

లక్ష్ముడు టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. పట్టిన పలకను చివరిదాకా చిత్రిక పట్టి, ముగించి, గోడకు ఆనించాడు. ఉలులు నాలుగూ గోనెగుడ్డలో చుట్టాడు. అవి అతని సొంతం, తండ్రివి. కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, చొక్కా వేసుకున్నాడు.

"బొబ్బిలి ఎల్తన్నాను," అన్నాడు.

"ఇప్పుడా? ఎందుకు?"

"ఈరయ్య మావ వీణలు సేస్తాడు కదా. ఆయనకి సూపు తగ్గినాది. మనిషి కావాలని పోయిన ఉగాది నుంచీ అడుగుతన్నాడు. పనస సెక్క. గరుకు కాయితం పట్టమన్నా పడతాను."

"బావా, నూట ఇరవై బల్లలు. నానొక్కడినే ఎలా సేస్తాను?"

"స్క్రూలు కొట్టడానికి నేనెందుకు బావా? ఎవులైనా కొడతారు." కోపంగా అనలేదు. నిజంగానే అడిగినట్టు అన్నాడు.

ఈశ్వరి గుమ్మంలోకి వచ్చింది. "అన్నా, అన్నం తినేసి ఎల్లు."

"బస్సున్నాది."

గోనెమూట చంకలో పెట్టుకుని రోడ్డు దాటాడు. అవతల చెట్టు లేదు, నీడ లేదు, ఎండలోనే నిలబడ్డాడు. బస్సు వచ్చింది. బస్సు వెళ్లాక అక్కడ ఎవరూ లేరు. ముప్పై ఏళ్లలో అతను సెలవు అడిగింది రెండుసార్లు. ఈసారి అడగలేదు. కూర్మనాథం ఆపలేదు.

మర్నాడు తెల్లవారగానే కూర్మనాథం స్క్రూల పెట్టె విప్పాడు. సన్న బర్మాతో కంతలు పెట్టాడు. ఒక్కొక్కటే తిప్పి దించాడు. అవి దేన్నీ పట్టుకోలేదు. మద్దిలోకి పోయి ఊరికే ఉన్నాయి. పదమూడోది దిగుతుంటే వెంట్రుకంత చీలిక వచ్చింది. మైనంలో రంపపు పొట్టు కలిపి బొటనవేలితో అందులోకి నొక్కాడు. చీలిన గోరుకింద మైనం ఇరుక్కుంది. పదహారోది దించి, లేచి, గోడ వైపు తిరిగి ఉమ్మాడు.

పదికి ముందే ఆఫీసులో ఉన్నాడు. తిరుమలరావు గొంతుకూర్చుని లెక్కపెట్టాడు. పద్నాలుగు దగ్గర తప్పి, మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టాడు. గడిలో టిక్కు పెట్టాడు.

"సూశావా? ఎంత పనని!" అన్నాడు.

కూర్మనాథం చేతులు జోడించలేదు. తల ఊపి వచ్చేశాడు.

షెడ్డుకు వచ్చి, చొక్కా విప్పి, మొదటి బల్లకు చెక్క తీశాడు. లక్ష్ముడు కూర్చునే చోట నేల మీద కూర్చుని, చెక్కను పట్టుకోవడానికి కాలు చాపాడు. ఎదురుగా నేలలో పాతిన చింతమొద్దు ఉంది. ముప్పై ఏళ్లు లక్ష్ముడు మడమ ఆనించి ఆనించి దాని మీద పల్లం పడింది. కూర్మనాథం పొట్టి కాలు అక్కడిదాకా అందలేదు. జరిగి కూర్చుంటే చెక్క అందలేదు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

నున్నగా, నల్లగా, చెమట తాగి మెరుస్తున్న ఆ మడమ పల్లంలో, నిన్న సాయంత్రం చివరి పలక మీంచి లేచిన చిత్రిక పొట్టు ఒక చుట్ట పడి ఉంది.