ఆంజినప్ప వేసిన స్ప్రింగు

సోమవారం ప్రమాదం జరిగితే, గురువారం పొద్దున ఆంజినప్ప స్పానర్ల సంచీ భుజాన వేసుకొని రాబర్ట్‌సన్‌పేటలోని కాఫీ హోటలుకు వెళ్ళాడు. షట్టరు సగం దించి ఉంది. ఓనరు నందీశ్ దాని కింద నుంచి వంగి బయటికి వచ్చి, "రా మేస్త్రీ, నీ కోసరమే చూస్తా ఉండాను," అని లోపలికి తీసుకుపోయాడు.

కౌంటరు మీద ఇటలీ కాఫీ మిషను ఉంది. బంగారు గనులు నడిచిన కాలంలో దొరల క్లబ్బులో ఉండేదట. క్లబ్బు మూతపడ్డాక నందీశ్ తాత వేలంలో పాడుకొన్నాడు. లోపల రాగి బాయిలరు, ముందర రెండు పొడుగాటి లీవర్లు. లీవరు కిందికి లాగి వదిలితే చిక్కటి కాఫీ సన్నని ధారగా కప్పులోకి దిగుతుంది. దాన్ని చూడ్డానికే బెంగళూరు నుంచి కొందరు పనిగట్టుకొని వస్తారు.

దాని సామాన్లు అంగళ్ళలో దొరకవు. ఏది చెడిపోయినా ఆంజినప్పే చేసిపెట్టాలి. గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా పదమూడేళ్ళు చేసి, గనులు మూసేశాక పంపులూ బాయిలర్లూ బాగుచేస్తూ నెట్టుకొస్తున్న మనిషి అతను. అరిగిపోయిన పిస్టనుకు బదులు లేతు మీద ఇత్తడి కడ్డీ తిప్పి కొత్తది చేశాడు. చివికిన వాషర్లకు బదులు తోలు కోసి వేశాడు. ఆ మిషను తన చేతికి తప్ప ఇంకెవరి చేతికీ లొంగదని అతనికి లోలోపల గర్వం కూడా.

ఇప్పుడు నీటి మట్టం చూపించే గాజు గొట్టం పగిలిపోయింది. ఆరేళ్ళుగా మిషను దగ్గర పనిచేస్తున్న హనుమక్క పక్కనే ఉండటంతో మరిగే నీళ్ళు కుడి చెయ్యి మీద, మెడ మీద చిమ్మాయి.

"ఆమె ఆవిరి మీటరు చూసుకోలేదు," అన్నాడు నందీశ్. "అడిగినోళ్ళందరికీ అదే చెప్పినాను. ఆమే ఒప్పుకొనింది. నువ్వు గాజు మార్చేస్తే రెండు దినాల్లో మిషను నడిపిస్తాను."

ఆంజినప్ప రేకు కవరు విప్పాడు. మొదట ప్రెషరు స్విచ్చి చూశాడు. ఆవిరి ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చి అది. లోపలి బిళ్ళలు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పాత స్విచ్చి, ఎప్పుడో ఒకప్పుడు అట్లా అవుతుంది. అయినా ఫరవాలేదు, అప్పుడు సేఫ్టీ వాల్వు తెరుచుకొని ఆవిరిని బయటికి వదలాలి. మరెందుకు వదల్లేదు?

వాల్వు విప్పి అరచేతిలో పెట్టుకొన్నాడు. లోపలి స్ప్రింగు బయటికి తీసి వెలుతురులో చూశాడు.

అది అతను వేసిన స్ప్రింగే. రెండేళ్ళ కిందట వాల్వు ఊరికే బుసబుసమంటోందని, గిరాకీలు భయపడి దూరంగా కూర్చుంటున్నారని నందీశ్ పిలిపించాడు. స్ప్రింగు నీరసించిపోయి ఉంది. ఆంజినప్ప తన డబ్బాలో వెదికి, గనుల కాలంనాటి లావు స్ప్రింగు ఒకటి తీసి, కోసి, అరగదీసి వేశాడు. బుస ఆగిపోయింది. ఆ రోజు వినాయక చవితి, హోటలు నిండా జనం. వర్క్‌షాపులో అయితే, ఆవిరి పట్టే సామాను ఏదైనా సరే చన్నీళ్ళు పంపు కొట్టి పరీక్ష చేయకుండా గేటు దాటనిచ్చేవారు కాదు. కాఫీ మిషనే కదా, ఏమవుతుందిలే అనుకొన్నాడు.

ఆ రోజు చేయని పరీక్ష ఇప్పుడు చేశాడు. సంచీలోంచి మీటరున్న చేతిపంపు తీసి, వాల్వును దానికి తగిలించి, నీళ్ళు పోసి కొట్టాడు. ప్రెషరు రెండు కేజీలు దాటకముందే తెరుచుకోవాలి. ముల్లు రెండు దాటింది, మూడు దాటింది, నాలుగు దాటింది. వాల్వు బిగుసుకొనే ఉంది. ఐదు దగ్గర చెయ్యి ఆపేశాడు.

"నందీశప్పా, ఇది ఆమె తప్పు కాదు. నాది," అన్నాడు.

అంతా విన్నాక నందీశ్ షట్టరు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా మాట్లాడు మేస్త్రీ. ఆమె గాయం మాని పోతాది. మళ్ళీ పనికి పిలుస్తాను, ఇడిసిపెట్టను. ఈ మాట బయట పడితే నిన్ను ఎవురు పిలుస్తారు? నా హోటలుకు ఎవురు వస్తారు? నోరు ఎత్తకుండా సుమ్మనే ఉండు."

ఆంజినప్ప వాల్వు జేబులో వేసుకొని ఇంటికి నడిచాడు. దారి పొడుగునా నందీశ్ మాట అతనికి న్యాయంగానే తోచింది. తర్వాత అతన్ని ఎక్కువగా బాధపెట్టింది అదే. శుక్రవారం ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే ఉండిపోయాడు. శనివారం నందీశ్ ఫోను చేస్తే ఎత్తలేదు. ఆదివారం హనుమక్క ఇంటికి బయలుదేరాడు.

వాళ్ళు ఛాంపియన్ రీఫ్స్ దగ్గర గని కూలీల లైను ఇళ్ళలో ఉంటారు. హనుమక్క తండ్రి చిత్తూరు వైపు నుంచి గనిపనికి వచ్చినవాడు. ఆమె మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. మెడ తిప్పలేకపోవడంతో అతను ఎదురుగా వచ్చి నిలబడేదాకా ఎవరో తెలియలేదు. కూతురు అర్పిత స్టూలు తెచ్చి వేసింది.

"బిడ్డకు ఫీజు కట్టే నెల, చూడన్నా, ఇట్ల అయింది," అని హనుమక్కే ముందు మాట్లాడింది. "పాలు కాచేదానికి అట్ల తిరిగినాను, అంతే. మీటరు చూడాల్సింది నేనే గదా. ఆరేండ్లు చేసినాను. ఆ దినం నాకు ఏం మాయరోగం వచ్చినాదో."

"మీటరు చూడకపోయినా ఏమీ కాకూడదమ్మా," అన్నాడు ఆంజినప్ప. "దానికోసరమే ఈ వాల్వు పెట్టేది." జేబులో నుంచి తీసి మంచం మీద పెట్టాడు. లావు స్ప్రింగు సంగతి, చవితి రోజు సంగతి, పరీక్ష చేయని సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె కట్టు కట్టిన చెయ్యి వైపు చూడలేకపోయాడు.

హనుమక్క ఎడమచేత్తో వాల్వు తీసుకొని అటూ ఇటూ తిప్పింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసినాది?"

"బేస్తవారం."

"ఈ దినం ఆదివారం."

"అవునమ్మా."

ఆమె వాల్వును తిరిగి అతని చేతిలో పెట్టింది. "మూడు దినాలు," అంది. "నీకు తెలిసినంక కూడా మూడు దినాలు నేను నన్నే తిట్టుకొంటా ఉండాను. ఈ పిల్ల కూడా అడిగింది, ఎందుకమ్మా చూసుకోలేదు అని." అర్పిత తల వంచుకొంది.

"నన్ను క్షమించు అనేదానికి నాకు నోరు రావడం లేదు," అన్నాడు ఆంజినప్ప.

"అది నాకొద్దు. నాకు చెప్పినావు, సరే. హోటల్లో చెప్పు. నందీశ్ ఎవురెవురికి చెప్పినాడో వాళ్ళందరి ముందర చెప్పు."

సోమవారం పొద్దున హోటలు తెరిచి ఉంది. మిషను మీద గుడ్డ కప్పి, ఫిల్టరు కాఫీతో నడిపిస్తున్నారు. రోజూ వచ్చేవాళ్ళే, టేబుళ్ళు నిండి ఉన్నాయి. ఆంజినప్ప కౌంటరు పక్కన నిలబడి, గొంతు పెంచి, హనుమక్కకు చెప్పినట్టే మొత్తం చెప్పాడు. గనిలో అతనితో పనిచేసిన రామకృష్ణప్ప జాలిపడి, "తెలియక జరిగినాది గదప్పా," అన్నాడు.

"తెలుసు. పరీక్ష చేయాలని తెలుసు. చేయలేదు."

నందీశ్ ముఖం నల్లబడింది. ఆంజినప్ప వెళ్ళబోతుంటే వెనకాలే వచ్చి, "ఇంగ నువ్వు ఈ మిషను ముట్టొద్దు," అన్నాడు.

"ముట్టను. ఈ వాల్వు మాత్రం ఎవురు వచ్చినా మళ్ళీ వేయనీయొద్దు. కొత్తది తెప్పించు. పంపు కొట్టించి, నువ్వు నీ కండ్లతో చూసినంకనే స్విచ్చి వెయ్యి."

బెంగళూరు నుంచి ఒక మెకానిక్కు వచ్చి వాల్వు, ప్రెషరు స్విచ్చి, గాజు గొట్టం మూడూ కొత్తవి వేసిపోయాడని తర్వాత తెలిసింది. నందీశ్ ఇంటికి వెళ్ళి పిలిచినా హనుమక్క మళ్ళీ ఆ మిషను దగ్గరికి పోలేదు. చెయ్యి మానాక పాల డెయిరీలో పనికి చేరింది. బజారులో ఎదురుపడితే ఆంజినప్పకు తల ఊపుతుంది. నిలబడి మాట్లాడదు. ఊళ్ళో అతన్ని పిలిచేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు.

అతన్ని కుదురుగా ఉండనివ్వనిది మాత్రం వేరే ఉంది. ఆ డబ్బాలోని స్ప్రింగులు ఇంకా ఎక్కడెక్కడ వేశాడు? అన్నం తింటూ తింటూ ఆగిపోయేవాడు. గుర్తొచ్చిన పేర్లన్నీ పాత క్యాలెండరు వెనకాల రాసుకొన్నాడు. పదకొండు అయ్యాయి.

ముందుగా ముళబాగిలు బస్సెక్కాడు. ఊరి బయట ఓబలప్ప పట్టు రీలింగు షెడ్డు ఉంది. లోపల తొట్ల ముందు ఎనిమిది మంది ఆడవాళ్ళు ఉడికిన పట్టుగూళ్ళ నుంచి దారం తీస్తున్నారు. వాళ్ళ వెనకాలే బాయిలరు, దాని సేఫ్టీ వాల్వులో ఆంజినప్ప వేసిన స్ప్రింగు.

ఆపమని ఆంజినప్ప అడిగితే, "బాగానే నడుస్తా ఉండాదే మేస్త్రీ," అన్నాడు ఓబలప్ప. "పని మధ్యలో ఎందుకు ఆపేది?"

ఆంజినప్ప కాఫీ మిషను కథ చెప్పాడు. వింటూ వింటూ ఓబలప్ప వెనక్కి తిరిగి బాయిలరు వంక చూశాడు. ఇంకేమీ అడగకుండా పొయ్యి దగ్గరికి పోయి కట్టెలు బయటికి లాగేశాడు.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేతులు తుడుచుకొంటూ లేచి, బయట చింతచెట్టు నీడకు పోయి కూర్చున్నారు. బాయిలరు చల్లారడానికి రెండు గంటలు పడుతుంది. ఆంజినప్ప స్పానర్లు నేల మీద పరుచుకొని, ప్రెషరు ముల్లు దిగడం చూస్తూ కూర్చున్నాడు.