పదకొండు వరుసలు

"అప్‌డేటే కదా, దానంతటదే అవుతుంది. నువ్వు సెలవు పెట్టి అమ్మని కళ్ళ డాక్టరుకి చూపించు" అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ.

"ఈరోజు కుదరదండీ. మీరే తీసుకెళ్ళండి."

ఆ జవాబుకి అతని గుండీ ఒకటి తప్పి పై కాజాలో పడింది. అత్తగారు మాత్రం, "వాడొస్తాడులే, నువ్వెళ్ళమ్మా" అంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో తన ఉద్యోగాన్ని ఆ ఇంట్లో ఒకరు పని అని ఒప్పుకున్నది అదే మొదలు. ఆ ఒక్క మాటకే బస్సులో సగం దారి ఆమె కళ్ళు చెమరుస్తూనే ఉన్నాయి.

ఆమె ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకుంటుంది. రోగి మంచం పక్కన మీట నొక్కితే నర్సు బల్ల మీది ఫోను మోగేలా చేసే సర్వర్‌కి ఆరోజే అప్‌డేట్. సగంలో అది ఆగి అడిగింది: ఈ సెట్టింగుల ఫైలును ఇక్కడెవరో మార్చారు. మీది ఉంచాలా, కొత్తది పెట్టాలా?

"కొత్తది పెట్టేయమ్మా. తయారుచేసినవాళ్ళకి తెలీదా?" అన్నాడు మేనేజరు, వెనకనుంచి.

ఇంట్లోనూ ఇంతే. ఆమె సర్దుకున్న అల్మారాని ఎవరో ఒకరు వచ్చి "ఇలా ఉండాలి" అని మార్చేస్తారు. అలా ఎందుకు సర్దావని అడిగిన పాపాన పోరు. ఈ ఫైలు ఎందుకు మార్చారో ఆమె అడగదలచుకుంది. రెండు ఫైళ్ళకీ మధ్య తేడాలు చూపించమని కంప్యూటర్‌కి చెప్పింది.

పదకొండు వరుసలు. ఒక్కోదాని పైన ఒక చిన్న మాట. ఆమెకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నావిడ రాసినవి. అందరూ ఆవిడని సణుగుడక్క అనేవారు. ఒకచోట ఇలా ఉంది: "పిల్లల వార్డు పిలుపు అరవై సెకన్లు మోగాలి. నర్సు ఒక్కతే, రెండంతస్తులు చూస్తుంది. మెట్లెక్కి రావాలి. తీసేయకండి."

కొత్త ఫైలులో పిలుపు పదిహేను సెకన్లకే ఆగిపోతుంది; నర్సు మెట్లెక్కి వచ్చేసరికి ఎవరు పిలిచారో తెలీదు.

పాతదే ఉంచింది. కొత్తదాన్ని పక్కన వేరే పేరుతో దాచి, అందులో భద్రతకి అవసరమైన రెండు వరుసల్ని చేత్తో తెచ్చి పాతదాంట్లో చేర్చింది. పిల్లల వార్డుకి వెళ్ళి ఖాళీ మంచం దగ్గర మీట నొక్కి చూసింది. నర్సు రొప్పుతూ వచ్చేసరికి నలభై నాలుగు సెకన్లు. ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

వరండాలోకి వచ్చి సణుగుడక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు రాసినవన్నీ చదివాను. ఇవాళ నువ్వే కాపాడావు."

"మూడు మీటింగుల్లో చెప్పానే. సణుగుతోందన్నారు. నోటితో చెబితే గాలికి పోతోందని అక్కడ రాసిపెట్టాను. ఎవరైనా చదువుతారనుకోలేదు."

సాయంత్రం రిపోర్టులో 'పని చేసినవారు' అన్న గడి దగ్గర ఆమె ఆగింది. ఇన్నాళ్ళూ అక్కడ మేనేజరు పేరే వేసేది. మళ్ళీ ఫోన్ తీసింది.

"అక్కా, నీ అసలు పేరు చెప్పు. పూర్తిగా, ఇంటిపేరుతో సహా."