ప్యాంటు కోపం, కాలరు కోపం

పొద్దున్నే దుకాణం తలుపు తీసి, నీళ్ళు చిలకరించిన బట్టలు బల్ల మీద పరిచి, ఎవరైనా వచ్చి తనకు కోపం తెప్పిస్తారేమోనని ఎదురుచూడటం హెర్మిందాకు అలవాటు.

ఆమెకు ఇస్త్రీపెట్టెతో పనిలేదు. కోపమొస్తే అరచేతులు కాలతాయి, ఆ చేతులతోనే ఇస్త్రీ చేస్తుంది. వాళ్ళమ్మా అంతే. చిలీలోని ఆ వాల్పరైజో కొండ మీద ఎవరికి ఏ బట్ట ఎలా కావాలో, దానికి ఎంత కోపం కావాలో అందరికీ తెలుసు. పట్టు రుమాలుకు చిరాకు చాలు, రొట్టె ధర మళ్ళీ పెరిగిందంటే సరిపోతుంది. చొక్కా కాలరుకు ఇంకాస్త కావాలి, "పోయినసారి గుండీ ఊడగొట్టి ఇచ్చావు" అని ఒక అబద్ధం ఆడాలి. నావికుల బడి పిల్లల తెల్ల ప్యాంట్లకు మాత్రం మడత కత్తిలా నిలవాలి. దానికి ఒక్కటే మందు. "మీ తమ్ముడు లియొనెల్ కనిపించాడమ్మా, కులాసాగా ఉన్నాడు" అనాలి.

లియొనెల్ సంగతి వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. తల్లి ఆ దుకాణాన్ని ఇద్దరికీ రాసింది. ఇద్దరూ ఒప్పుకుంటేనే అమ్మాలని కూడా రాసింది. తల్లి మంచాన పడ్డప్పుడు అతగాడికి రాజధానిలో తీరికలేని పని. ఆమె పోయాక మాత్రం తీరిక దొరికింది. కొండ మీది రంగురంగుల గోడల్ని చూడటానికి వచ్చే వాళ్ళ కోసం బస కట్టే ఆసామిని వెంటేసుకుని వచ్చాడు. హెర్మిందా తలుపు వేసేసింది. దాంతో కోర్టుకెక్కాడు. దుకాణం ఎప్పుడో మూతబడిందట, అక్కకు కోపం తప్ప వ్యాపారం తెలియదట! ఆ మాట ఒప్పుకున్నవాడి నోట్లో దుమ్ముకొట్టాలి.

విచారణ తెర మీద జరుగుతుందని కోర్టువాళ్ళు కబురు పెట్టారు. దుకాణం నడుస్తోందో లేదో కనబడాలి గనక దుకాణంలోంచే మాట్లాడాలి. ముందుగా నమోదు చేయించుకున్న యంత్రంలోంచే రావాలి. సాయంత్రం నాలుగింటికి తెర మీద కనబడకపోతే, అమ్మకానికి అభ్యంతరం లేనట్టే రాసుకుంటారు.

హెర్మిందా చేతిలో ఏ ఫోనూ నిలవదు, కరిగిపోతుంది. అందుకని పక్కనున్న కిరాణా కొట్టు ఇటాలో మాట విని ఒక చిన్న కంప్యూటర్ కొంది. బట్టల సబ్బుబిళ్ళంత పెట్టె. దాన్ని పాత టీవీకి తగిలించి, పైన ఒక కెమెరా పెట్టుకోవాలి. దాన్ని లోపల నడిపించేది లినక్స్. ఇటాలో దృష్టిలో లినక్స్ అంటే మతం. రేవు దగ్గర కొన్నచోట తీగతో ఇంటర్నెట్ తగిలించి చూస్తే బ్రహ్మాండంగా పనిచేసింది, అక్కడే నమోదు కూడా అయింది. దుకాణంలోకి తెచ్చాక వైఫై అన్నది దానికి ఉన్నట్టే తెలియలేదు.

"ఒక్క నిమిషం హెర్మిందమ్మా," అన్నాడు ఇటాలో, మోకాళ్ళ మీద కూర్చుని కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని.

"పొద్దుట్నుంచీ నీ ఒక్క నిమిషం గడవనే లేదు."

"దీంట్లో ఎవడి పెత్తనమూ ఉండదమ్మా. మనం చెప్పినట్టు వింటుంది."

"మరి చెప్పవయ్యా!"

"చెప్తూనే ఉన్నా. వినట్లేదు."

హెర్మిందా అప్పుడు కోప్పడాల్సింది. పడలేదు. ఉచితంగా వాదిస్తున్న వకీలమ్మ గట్టిగా చెప్పి పంపింది: "మీ తమ్ముడి కేసంతా మీ కోపం మీదే నిలబడి ఉంది. ఆరోజు గొంతు పెంచొద్దు, మొహం చిట్లించొద్దు." ఈ మాట కొండంతా పాకింది. అంతే, ఆ రోజు పొద్దుట్నుంచీ జనానికి మంచితనం పట్టుకుంది. వచ్చినవాళ్ళంతా నవ్వుతూ బట్టలిచ్చి, "నీ చేతి చలవ తల్లీ" అని పొగిడి వెళ్ళిపోయారు. చలవే మిగిలింది. బట్టలు గుట్టలా పడి ఉన్నాయి, ఒక్క చొక్కా ముడత కూడా పోలేదు. కోర్టు చూసేది ఆ గుట్టనే కదా, నడవని దుకాణానికి అంతకంటే సాక్ష్యమేం కావాలి?

మెట్ల పైన ఉండే ఉబర్లిందా చామంతి కషాయం పట్టుకుని దిగింది. దుకాణమున్న పల్లంలో ఫోను సిగ్నల్ అందదు. ఆ చుట్టుపక్కల వైఫై ఉన్నది ఆమె ఇంట్లోనే. నోరు విప్పితే మూరెడు పుల్లవిరుపు మాటలొచ్చే మనిషి, ఆ రోజు తేనె కారుతోంది.

"తాగు వదినా. నువ్వెంత ఓపిక గలదానివో నాకు తెలుసు."

హెర్మిందా ఆమె మొహంలోకి అనుమానంగా చూసింది. "నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"నా వైఫై నీదే అనుకో వదినా."

"దాన్ని పదమూడో ఛానెల్లో ఎవరు పెట్టారు ఉబర్లిందమ్మా?" అని అడిగాడు ఇటాలో.

"నేనే పెట్టించా. పదమూడంటే అందరికీ భయం, ఆ ఛానెల్ జోలికి ఎవరూ రారు. హాయిగా నా ఒక్కదానికే ఉంటుంది."

"కొన్ని దేశాల్లో పదమూడు వాడనివ్వరు. ఈ పెట్టె తాను అలాంటి దేశంలోనే ఉన్నాననుకుంటోందేమో," అంటూ ఇటాలో పెట్టెకు నువ్వు చిలీలో ఉన్నావురా అని చెప్పాడు. ఉబర్లిందా పైకి వెళ్ళి ఛానెల్ ఆరుకు మార్చి వచ్చింది. పెట్టెలో చలనం లేదు.

వైఫైని నడిపించే డ్రైవరు లేదేమోనని, ఉబర్లిందా ఇంటినుంచి పెన్‌డ్రైవులో తెచ్చి ఎక్కించాడు. ఎక్కింది. ఆపేసి మళ్ళీ వెలిగించాడు. వెలిగింది. వైఫై మీట ఎక్కడైనా ఆపేసి ఉందేమో చూశాడు. అదీ వేసే ఉంది. లోపల ఏమేం సామానుందో చెప్పమని అడిగితే, పెట్టె అన్నీ ఏకరువు పెట్టింది గానీ వైఫై ముక్క పేరెత్తలేదు. పోనీ తీగ వేద్దామని ఇటాలో తన దగ్గరున్న తీగను ఉబర్లిందా ఇంటినుంచి కిందికి లాక్కొచ్చాడు. అది మెట్ల సగానికొచ్చి ఆగిపోయింది.

చివరికి మూత విప్పి, కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. గోరంత వైఫై ముక్క. దాని ఒక కాలు కింద టంకం సరిగ్గా పట్టలేదు, వెంట్రుకవాసి లేచి ఉంది.

"కాస్త కాల్చి అతికిస్తే చాలమ్మా. కానీ నా దగ్గరున్నది బకెట్లకు టంకం వేసే ఇనుము. దాన్ని పెడితే పెట్టే ఉండదు." మూత బిగించి, నేల మీద చతికిలబడ్డాడు. "కంగారు పడకు. అంతా మన మంచికే."

"అవును వదినా," అంది ఉబర్లిందా కషాయం గిన్నె ముందుకు తోస్తూ. "పోతే పోనీ. దుకాణమేగా. నీ మంచితనం ఎక్కడికి పోతుంది?"

ఇక ఆగలేదు హెర్మిందా.

"మంచితనమా! మీ మంచితనాలు మండా! మా అమ్మ చేతులు బొబ్బలెక్కి నిలబెట్టిన దుకాణం పోతుంటే నాకు పూలకషాయం పోస్తారా? ఒక్కరంటే ఒక్కరు నన్ను తిట్టినవాళ్ళు లేరు పొద్దుట్నుంచీ! నా బతుకు నడిచేదే మీ తిట్ల మీద కదర్రా! ఇంక నువ్వు... సబ్బుబిళ్ళ మొహమా..." అంటూ ఆ పెట్టె నెత్తిన చెళ్ళున ఒక్కటి చరిచి, చెయ్యి అక్కడే అదిమిపెట్టింది.

టీవీ మూలన వైఫై గుర్తు వెలిగింది.

ఇటాలో నోరు తెరిచాడు. హెర్మిందా చెయ్యి తీసింది. గుర్తు ఆరిపోయింది. మళ్ళీ పెట్టింది. వెలిగింది.

"తియ్యకు!" అని అరిచాడు ఇటాలో. "వేడికి కాలు అతుక్కుంటోంది, చల్లారితే లేస్తోంది. అలాగే ఉంచు. కానీ జాగ్రత్త, ప్యాంటు కోపం పనికిరాదు, పెట్టె కరిగిపోతుంది. కాలరు కోపం చాలు."

"విచారణ అయ్యేదాకా కాలరు కోపం ఎలా నిలుపుకోను? పైగా మొహం చిట్లించొద్దని వకీలమ్మ అందిగా!"

ఉబర్లిందా చీర కొంగు దోపినట్టు శాలువా నడుముకు బిగించింది. "అది నాకొదిలెయ్. ఇన్నేళ్ళుగా నేనేం చేస్తున్నాననుకున్నావు?" అని వెళ్ళి టీవీ వెనక, కెమెరాకు కనబడని చోట నిలబడింది.

నాలుగింటికి తెర మీద న్యాయమూర్తి కనబడింది, నెరిసిన జుట్టు, అలిసిన కళ్ళు. ఒక పక్క గడిలో వకీలమ్మ, ఇంకో గడిలో లియొనెల్, మెడకు టై కట్టుకుని. హెర్మిందా ఎడమ చెయ్యి పెట్టె మీద వేసుకుని నిలబడింది.

"దుకాణం నడుస్తోందా?" అని అడిగింది న్యాయమూర్తి.

టీవీ వెనకనుంచి ఉబర్లిందా గుసగుసగా మొదలెట్టింది. "నీ చేతి కూర తినలేకే మీ ఆయన ఓడెక్కి పారిపోయాడు."

"నడుస్తోందండీ," అంది హెర్మిందా మెత్తగా. కుడిచెయ్యి బల్ల మీద చొక్కా కాలరు మీదుగా సాగింది. సన్నగా ఆవిరి లేచింది. ముడతలు పోయాయి.

న్యాయమూర్తి ముందుకు వంగి చూసింది. "నల్ల గౌన్లు కూడా చేస్తారా?"

"చేస్తామండీ. వాటికి కాస్త ఎక్కువ పడుతుంది."

"మీ అమ్మ చేసిన పనిలో నీది పాతిక వంతు కూడా కాదు," అంది ఉబర్లిందా. తెరమీద బొమ్మ మరింత స్పష్టంగా వచ్చింది. ఇటాలో చేతులు కిందికి ఊపుతూ "కాలరు, కాలరు" అని సైగ చేశాడు.

అన్నీ సజావుగా జరిగిపోయాయి. తల్లి ఎలా నేర్పిందో, తానెప్పట్నుంచి చేస్తోందో, మంచాన పడ్డ మనిషిని ఎవరు చూశారో, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. ఆ గొంతులోని నిదానం చూసి వకీలమ్మ కూడా ఆశ్చర్యపోయింది. అప్పుడు లియొనెల్ ఒక మాట చెప్పుకుంటానన్నాడు.

"అక్కా," అన్నాడు. "నన్ను ఎత్తుకు తిరిగినదానివి. చలేస్తే నీ చేతులు నా చెంపల మీద పెట్టేదానివి, గుర్తుందా? అమ్మ పోయాక నాకున్నది నువ్వే కదే. ఈ ఒక్కసారికి కాదనకక్కా. మనం కోర్టుల్లో ఇలా నిలబడితే అమ్మ తట్టుకుంటుందా?" మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.

ఉబర్లిందా ఏదో అంది. హెర్మిందా చెవిన పడలేదు. జన్మలో ఎప్పుడూ ఆ ఏడుపుకు ఆమె నిలబడింది లేదు. చిన్నప్పుడు తన వాటా మిఠాయి ఇచ్చింది, పెద్దయ్యాక తన చదువు మానుకుని వాణ్ణి చదివించింది. ఇప్పుడూ కళ్ళు నిండాయి. తమ్ముడు, ఎంతైనా తమ్ముడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అమ్మేసుకోరా నాయనా," అంది. "నీ ఇష్టం."

అప్పటికే టీవీ బిగుసుకుపోయి ఉంది. మూలన గుర్తు ఆరిపోయి ఉంది.

ఇటాలో తల పట్టుకున్నాడు. ఉబర్లిందా టీవీ ముందుకొచ్చి హెర్మిందా చెయ్యి ముట్టుకుంది. చల్లగా ఉంది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి అంత చల్లగా ఉండటం ఆమె ఎరగదు.

"ఎంత పని చేశావే," అంది. అది ఎకసక్కెం కాదు.

హెర్మిందా తెర వైపే చూస్తోంది. న్యాయమూర్తి కళ్ళు మూసుకుని ఉండిపోయింది, వకీలమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. లియొనెల్ చేతులు మొహం మీదినుంచి దిగి ఉన్నాయి. ఆ చెంపల మీద తడి లేదు. అక్క నోట "అమ్మ" అన్నది వినబడీ వినబడగానే ఎడమచేతి చొక్కా అంచు వెనక్కి లాగి, గడియారం చూసుకుంటున్నాడు. ఇంకెక్కడికో వెళ్ళాల్సిన పని ఉన్న మనిషిలా ఉన్నాడు. అలాగే బిగుసుకుపోయి ఉన్నాడు తెర మీద.

ఆమె చూస్తూనే ఉంది. మిఠాయి గుర్తొచ్చింది. మానేసిన చదువు గుర్తొచ్చింది. తల్లి ఆఖరి రోజుల్లో "వాడొచ్చాడా" అని అడిగిన ప్రతిసారీ, దారిలో ఉన్నాడని తానాడిన అబద్ధం గుర్తొచ్చింది. ఈసారి ఎవరూ తిట్టి రెచ్చగొట్టాల్సిన అవసరం లేకపోయింది. కుడిచేతి కింద ఉన్న చొక్కా కాలరు కమిలి వాసనొచ్చింది. ఎడమచెయ్యి పెట్టె మీద మళ్ళీ అదిమింది.

"అమ్మా, ప్యాంటు కోపం..." అన్నాడు ఇటాలో.

"నాకు తెలుసులే," అంది.

గుర్తు వెలిగింది. తెర కదిలింది. లియొనెల్ గబుక్కున మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

"మీ మాట మధ్యలో తెగిపోయిందండీ," అంది న్యాయమూర్తి కలం పట్టుకుని. "మీ తమ్ముడికి ఏదో జవాబు చెప్పబోయారు. మాకు 'అమ్మ' అన్నంతవరకే వినిపించింది. మీ అమ్మగారి గురించి ఏమైనా చెప్పాలనుకున్నారా?"

"అవునక్కా, చెప్పు," అన్నాడు లియొనెల్ ఆశగా.

పెట్టె లోపలినుంచి సన్నగా ప్లాస్టిక్ వాసన వస్తోంది. హెర్మిందా మొహంలో ఒక్క ముడత కూడా లేదు.

"అమ్మ గురించి కాదండీ," అంది. "అమ్మను అన్నాను. దుకాణం అమ్మను. రాసుకోండి."

న్యాయమూర్తి రాసుకుంది.